పడమటి ఆకాశానికి డార్క్‌టేబుల్: సూర్యాస్తమయ ఫోటోల కోసం ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ సమీక్ష

తెలుగు నేల మీద సముద్రంలో పొద్దు గుంకడం అరుదు. మన తీరంలో ఎక్కువ భాగం తూర్పుకో ఆగ్నేయానికో తిరిగి ఉంది కాబట్టి నీళ్ళలోంచి సూర్యుడు లేవడమే మనకు అలవాటు. సూర్యాస్తమయం కావాలంటే రాజమండ్రి ఘాట్ల మీద నిలబడి గోదావరి అవతల కొవ్వూరు వైపు చూడాలి. లేదా ప్రకాశం బ్యారేజీ మీంచి కృష్ణకు ఎగువకు చూడాలి, ట్యాంక్‌బండ్ మీంచి బుద్ధ విగ్రహం వెనక్కి చూడాలి, హార్స్‌లీ హిల్స్ లాంటి కొండెక్కాలి. ఈ చోట్లలో ఎక్కడా ఆకాశానికీ నేలకూ మధ్య గీత తిన్నగా ఉండదు. వంతెన కమానో, తాటిచెట్టో, కొండ వాలో, విగ్రహం తలో ఆ గీతను దాటి పైకి వస్తుంది. ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్లేమో ఆకాశాన్ని తగ్గించడానికి ముందుగా చేతికిచ్చేది తిన్నటి గ్రేడియెంట్‌ను, అంటే ఒక సరళరేఖ వెంట మెల్లగా పలచబడే నీడను. సముద్రపు అంచుకు సరిపోయే పనిముట్టు అది. మన ఫోటో మీద వేస్తే ఆకాశంతో పాటు తాటిచెట్టు తలను కూడా మసిలో ముంచేస్తుంది.

డార్క్‌టేబుల్‌ను ఈ గీటురాయి మీదే పరీక్షించాలి. ఫలితం ముందే చెప్పేస్తాం: రా ఫైళ్ళు (సెన్సార్ పట్టిందంతా దిద్దకుండా దాచే ఫైళ్ళు) తీసే అలవాటు, ఒక్కో ఫోటో దగ్గర పావుగంట కూర్చునే ఓపిక ఉన్నవాళ్ళకు సూర్యాస్తమయాల విషయంలో ఉచితంగా దొరికేవాటిలో ఇంతకన్నా మంచి పనిముట్టు లేదు. జేపెగ్ మాత్రమే తీసేవాళ్ళకు, ఫోన్‌లోనే దిద్ది అక్కడికక్కడే పంపేయాలనుకునేవాళ్ళకు ఇది అక్కర్లేని బరువు.

ఏమిటిది, ఏ కంప్యూటర్ కావాలి

డార్క్‌టేబుల్ 2009 నుంచి ఉంది. ఓపెన్ సోర్స్, జీపీఎల్ లైసెన్సు, పూర్తిగా ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది, ఫోన్ వెర్షన్ లేదు. ఈ సమీక్ష 2024 డిసెంబరులో వచ్చిన 5.0 వెర్షన్ గురించి. కింద చెప్పిన పనులకు కనీసం 4.2 ఉండాలి. అంతకన్నా పాతదైతే వెలుగునూ రంగునూ తెరకు సరిపడేలా మలిచే సిగ్మాయిడ్ మాడ్యూల్ (ఇందులో ఒక్కో పనికి ఉండే పనిముట్టును మాడ్యూల్ అంటారు) దొరకదు, అది లేకుండా ఈ పద్ధతి సాగదు.

8 జీబీ ర్యామ్ కన్నా తక్కువున్న ల్యాప్‌టాప్‌లో స్లైడర్ కదిపిన ప్రతిసారీ ఎదురుచూపే. ఓపెన్‌సీఎల్ (బరువైన లెక్కలను గ్రాఫిక్స్ కార్డుకు అప్పగించే పద్ధతి) పనిచేసే గ్రాఫిక్స్ కార్డు ఉంటే తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ముఖ్యంగా డినాయిజ్, డిఫ్యూజ్ లాంటి బరువైన మాడ్యూళ్ళలో. కార్డు ఉన్నా ఓపెన్‌సీఎల్ ఆన్‌లో లేకపోవడం చాలామంది దగ్గర జరుగుతుంది. సాఫ్ట్‌వేర్ నత్తనడక నడుస్తోందని తీసేసే ముందు ప్రిఫరెన్సెస్‌లో ప్రాసెసింగ్ ట్యాబ్ ఒకసారి చూడండి. అదే ట్యాబ్‌లో డిఫాల్ట్ వర్క్‌ఫ్లోగా సీన్ రిఫర్డ్ సిగ్మాయిడ్‌ను ఎంచుకోండి.

అసలు ఫైలు మీద ఇది చెయ్యి వేయదు. చేసిన మార్పులన్నీ డేటాబేస్‌లోనూ, ఫోటో పక్కన ఉండే ఎక్స్‌ఎంపీ అనే చిన్న ఫైల్లోనూ రాసుకుంటుంది. బ్యాకప్ తీసేటప్పుడు ఆ చిన్న ఫైళ్ళను వదిలేస్తే ఫోటోలు మిగులుతాయి, చేసిన పని పోతుంది. ఫోల్డర్లను విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో అటూ ఇటూ జరిపినా ఫోటో కనపడట్లేదంటుంది. జరపాలంటే డార్క్‌టేబుల్ లోపలి నుంచే జరపాలి.

సాఫ్ట్‌వేర్ చేయలేనివి ఘాట్ మీదే చేసుకురావాలి

ఫ్రేము బలహీనంగా ఉంటే ఏ మాడ్యూలూ దాన్ని నిలబెట్టలేదు. సూర్యుడు ఎక్కడ దిగుతాడన్నది మొదటి లెక్క. రాజమండ్రి ఉన్న 17 డిగ్రీల అక్షాంశం దగ్గర జూన్ చివర్లో సూర్యుడు దాదాపు 295 డిగ్రీల దిశలో, అంటే పడమటికి బాగా ఉత్తరంగా అస్తమిస్తాడు. డిసెంబరు చివరికి అది 245 డిగ్రీలకు, దక్షిణానికి జరుగుతుంది. ఏడాదిలో యాభై డిగ్రీల తేడా. ఆర్చి బ్రిడ్జి వరుసకు ఏ పక్కన బింబం దిగుతుందో, అసలు ఫ్రేములోకి వస్తుందో రాదో నెలను బట్టే తేలుతుంది. సూర్యుడి దారి చూపించే యాప్ ఏదైనా సరే, వెళ్ళే ముందే చూసుకోవాలి.

రెండోది లెన్సు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 24 మి.మీ. లెన్సుతో తీస్తే సూర్యబింబం ఫ్రేము ఎత్తులో దాదాపు నూట ఎనిమిదో వంతు మాత్రమే, ఒక చుక్క. 200 మి.మీ.తో పదమూడో వంతు, 400 మి.మీ.తో ఆరు, ఏడు వంతుల్లో ఒకటి. కాబట్టి వైడ్ లెన్సు పెట్టినప్పుడు ఫోటోను మోయాల్సింది మబ్బులు, నీళ్ళు, ఒడ్డు. బింబమే కథానాయకుడు కావాలంటే టెలీ లెన్సు తీసి, కమాను కిందో గోపురం పక్కనో దాన్ని నిలపాలి. డిసెంబరు, జనవరి నెలల పొగమంచులో బింబం క్షితిజానికి చేరకముందే ఎర్రగా, కళ్ళకు ఇబ్బంది లేకుండా మారుతుంది. టెలీకి అదే అదను, ఎందుకంటే అప్పుడు బింబం వెలుగు కూడా సెన్సార్ పరిధిలోకి వస్తుంది. అలా మసకబారని రోజుల్లో మాత్రం టెలీ లెన్సుతో ఆప్టికల్ వ్యూఫైండర్‌లోంచి సూర్యుణ్ణి చూడకూడదు. కంటికి ప్రమాదం. లైవ్ వ్యూ వాడాలి.

సమయం మన దగ్గర తక్కువ. బింబం తన వెడల్పంత దిగడానికి రెండు నిమిషాల పైచిలుకు చాలు. మునిగాక సంజ వెలుగు ఇరవై రెండు నిమిషాల దాకా నిలుస్తుంది. ఎత్తున ఉన్న మబ్బులకు కింది నుంచి వెలుగు తగిలి కెంజాయ పండేది ఈ వ్యవధిలోనే. బింబం పోగానే ట్రైపాడ్ మడిచేసేవాళ్ళు పోగొట్టుకునేది దీన్నే.

సిల్హౌట్ల (వెలుగుకు ఎదురుగా నల్లగా కనిపించే ఆకారాల) విషయంలో ఒక్కటే నియమం: ఆకారాలు ఒకదాని మీద ఒకటి పడకూడదు. పడవ వెనక స్తంభం, స్తంభం వెనక చెట్టు కలిసిపోతే తర్వాత మిగిలేది ఒక నల్ల ముద్ద. రెండడుగులు పక్కకు జరిగితే తీరే సమస్య ఇది, కంప్యూటర్ దగ్గర తీరదు. క్షితిజం నడిమధ్యన పెట్టడం తప్పేమీ కాదు, నీరు నిశ్చలంగా ఉండి ప్రతిబింబం పూర్తిగా దొరికినప్పుడు అదే మంచిది. నీళ్ళు కదులుతుంటే, ఆకాశంలో మబ్బుల పని ఎక్కువుంటే గీతను కింది మూడో వంతుకు దించండి.

ఎక్స్‌పోజర్‌కు సూర్యుణ్ణి ఫ్రేములోంచి తప్పించి, పక్కనున్న ప్రకాశమైన ఆకాశం మీద స్పాట్ మీటర్ చేసి (ఆ చిన్న చోటి వెలుగును మాత్రమే కొలిచి), ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపు పెంచండి. ఒక స్టాపు పెంచడమంటే వెలుగు రెట్టింపు చేయడం. ఐఎస్‌ఓ 100, ఎఫ్/8 నుంచి ఎఫ్/11, ట్రైపాడ్. కెమెరా వెనక కనిపించే హిస్టోగ్రామ్ (ఏ స్థాయి వెలుగు ఎంతుందో చూపే గ్రాఫ్) జేపెగ్‌ది. అది కుడి గోడ తాకిందన్నా రా ఫైల్లో సాధారణంగా ఇంకాస్త చోటు మిగిలే ఉంటుంది. బింబం తెల్లబడితే పోనివ్వండి. తెల్లబడిన మచ్చ బింబం కన్నా రెండు మూడు రెట్లు మించి పాకితే మాత్రం ఆ రంగులు పోయినట్టే. కమాను అంచున సూర్యుడు సగం దాగినప్పుడు ఎఫ్/16 పెడితే నక్షత్రంలా కిరణాలు వస్తాయి. లెన్సు రంధ్రాన్ని చిన్నది చేసే బ్లేడ్లు సరిసంఖ్యలో ఉంటే అన్నే కిరణాలు, బేసిసంఖ్యైతే రెట్టింపు. సూర్యుడు ఫ్రేములో ఉన్నప్పుడు యూవీ ఫిల్టర్ తీసేయండి, ఫ్లేర్ చుక్కలు (గాజులో వెలుగు ప్రతిఫలించి పడే మచ్చలు) తగ్గుతాయి. కెమెరాలో వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగును బట్టి ఫోటో రంగును సరిచేసే అమరిక) డేలైట్ మీద పెట్టండి. ఆటో మీద ఉంటే తెర మీద చూసే ప్రతి ఫోటోలోనూ ఆ ఎరుపును తప్పుగా భావించి తగ్గించేస్తుంది.

మొదటి పది నిమిషాలు

డార్క్‌రూమ్ అనే దిద్దే తెరలో ఫోటో తెరవగానే కింది పట్టీలో ఉండే రా ఓవర్‌ఎక్స్‌పోజర్ గుర్తు నొక్కండి. సెన్సార్ స్థాయిలో నిజంగా తెగిపోయిన (వెలుగు మించి వివరం మిగలని) పిక్సెళ్ళను ఇది రంగు వేసి చూపిస్తుంది. డార్క్‌టేబుల్ సూర్యాస్తమయాలకు పనికొస్తుందనడానికి ఇది మొదటి కారణం: ఏది నిజంగా పోయింది, ఏది తెర మీద మాత్రమే తెల్లగా ఉంది అన్నది విడదీసి చెబుతుంది. ఆ తేడా తెలియకనే చాలామంది బాగున్న ఫైళ్ళను పారేస్తారు.

తెగిన చోట్ల పని హైలైట్ రీకన్‌స్ట్రక్షన్ మాడ్యూల్‌ది. డిఫాల్ట్‌గా ఉండే ఇన్‌పెయింట్ అపోజ్డ్ పద్ధతి బింబం చుట్టూ తెగినచోటుకు చాలావరకు సరిపోతుంది. బింబం చుట్టూ గులాబీ వలయం మిగిలితే క్లిప్పింగ్ థ్రెషోల్డ్‌ను 1.0 నుంచి కొద్దికొద్దిగా దించండి, 0.97 లోపే అది పోవాలి. గైడెడ్ లాప్లేషియన్స్ పద్ధతి తెగిన అంచును మెత్తగా కలుపుతుంది గాని, గ్రాఫిక్స్ కార్డు లేకపోతే నిమిషాలు తింటుంది. చిన్న బింబానికి అది అవసరం లేదు.

తర్వాత కలర్ కాలిబ్రేషన్. కొత్తవాళ్ళు ఎక్కువగా చెడగొట్టేది ఇక్కడే. వైట్ బ్యాలెన్స్ అనే మాడ్యూల్ పైన కనిపిస్తుంది, దాన్ని ముట్టుకోకుండా డిఫాల్ట్‌గా వదిలేయాలి. రంగు మార్చాల్సింది కలర్ కాలిబ్రేషన్‌లోనే. రెండుచోట్లా మారిస్తే రెండు సవరణలు ఒకదాని మీద ఒకటి పడి రంగులు వంకర పోతాయి. ప్రోగ్రామే ఎర్ర అక్షరాలతో హెచ్చరిస్తుంది కూడా. ఇల్యూమినెంట్‌ను (వెలుగు రకాన్ని) డేలైట్‌కు మార్చి 5000 నుంచి 5500 కెల్విన్ మధ్య ఉంచండి. కెల్విన్ పెంచితే ఫోటో వెచ్చబడుతుంది. బూడిదరంగు చోటు చూపించి తటస్థం చేసే పికర్‌ను సూర్యాస్తమయం మీద వాడకూడదు. ఆ వేళ వెలుగుకున్న రంగే ఫోటోకు ప్రాణం, దాన్ని తీసేశాక మిగిలేది మధ్యాహ్నపు మబ్బు.

ఎక్స్‌పోజర్ మాడ్యూల్ సాధారణంగా +0.7 ఈవీతో (ఒక ఈవీ అంటే ఒక స్టాపు) మొదలవుతుంది. దీన్ని బింబాన్ని చూసి కాదు, మధ్యస్థాయి మబ్బులను చూసి కుదర్చండి. మొత్తం ఫ్రేముకు వెలుగు ఎంతన్నదే ఇక్కడి ప్రశ్న, ఆకాశం ఎక్కువైందా నేల తక్కువైందా అన్నది తర్వాత.

ఆకాశాన్ని విడదీయడం

ఈ సాఫ్ట్‌వేర్ తన విలువ నిరూపించుకునే చోటు ఇది. గ్రాడ్యుయేటెడ్ డెన్సిటీ అనే మాడ్యూల్ ఉంది, గాజు ఫిల్టర్ పనే చేస్తుంది, ఎన్‌డీ ఫిల్టర్ల పేర్లతో ప్రీసెట్లు కూడా ఉన్నాయి. తిన్నటి క్షితిజానికి బాగుంటుంది. వంతెనకు, కొండకు వాడకండి.

దాని బదులు ఎక్స్‌పోజర్ మాడ్యూల్‌కే రెండో ఇన్‌స్టెన్స్ (అదే మాడ్యూల్‌కు మరో ప్రతి) తెరవండి. విలువను −0.7 నుంచి −1.2 ఈవీ మధ్య దించండి. మాడ్యూల్ అడుగున ఉండే గుర్తుల్లో డ్రాన్ అండ్ పారామెట్రిక్ మాస్క్ ఎంచుకోండి. మార్పు ఫోటోలో ఎక్కడ పడాలో చెప్పేది మాస్కు; డ్రాన్ అంటే మనం గీసేది, పారామెట్రిక్ అంటే వెలుగునో రంగునో బట్టి ఎంచేది. ముందు గ్రేడియెంట్ గీయండి. గీతను వంతెన మీద కాదు, వంతెన అడుగున నీటి అంచు దగ్గర వేసి, మార్పు మెత్తగా ఉండేలా వెడల్పు పెంచండి. ఇప్పుడు పారామెట్రిక్ భాగంలో జీ అనే బూడిద చానల్ ఇన్‌పుట్ పట్టీ మీద ఎడమవైపు త్రికోణాలను కుడికి జరపండి. చీకటి పిక్సెళ్ళు మాస్కులోంచి జారిపోతాయి. సాయంత్రపు ఆకాశానికీ దాని ముందున్న సిల్హౌట్‌కూ నాలుగైదు స్టాపుల తేడా మామూలే కాబట్టి విడదీయడం సులువు. రెండు మాస్కులూ కలిసే చోటు మాత్రమే మిగులుతుంది: పైన ఉండాలి, ప్రకాశంగానూ ఉండాలి. తాటి మట్టల సందుల్లోని ఆకాశం వస్తుంది, మట్టలు రావు. నీళ్ళలోని ప్రతిబింబం ప్రకాశంగా ఉన్నా గ్రేడియెంట్ దాన్ని బయట పెడుతుంది.

మాస్కు చూపించే గుర్తు నొక్కితే ఎంపికైన భాగం పసుపుగా కనిపిస్తుంది. అది చూడకుండా ముందుకు వెళ్ళొద్దు. రెండు త్రికోణాల మధ్య ఎడం చాలినంత ఉండాలి. మరీ దగ్గరగా పెడితే దూరపు కొండల వరుసల మీద మాస్కు చిరిగినట్టు తెగుతుంది, ఎందుకంటే పొగమంచులో ఆ కొండల వెలుగు ఆకాశానికి దగ్గరగా ఉంటుంది. ఫెదరింగ్ రేడియస్ పెంచితే మాస్కు అసలు అంచులను పట్టుకుంటుంది, అతిగా పెంచితే చెట్టు చుట్టూ తెల్లటి అంచు తేలుతుంది. 100 శాతం జూమ్‌లో మట్టల చివర్లు చూస్తూ పెంచడమే దారి.

ఇది బోల్తా పడే సందర్భం ఒకటుంది. తెల్ల సున్నం వేసిన గోపురం మీదో, కాంక్రీటు స్తంభం మీదో సంజ వెలుగు నేరుగా పడితే అది కూడా ప్రకాశమే కాబట్టి ఆకాశంతో పాటు ఎంపికవుతుంది. అప్పుడు బ్రష్‌తో ఆ భాగం గీసి, మాస్క్ మేనేజర్‌లో దాన్ని మినహాయించాలి. రెండు నిమిషాల పని గాని, ఎక్కడ చేయాలో మొదటిసారి వెతుక్కోవడానికి పది నిమిషాలు పడుతుంది.

ఒకసారి కుదిరిన ఈ మాస్కును రాస్టర్ మాస్కుగా తర్వాతి మాడ్యూళ్ళలోనూ వాడుకోవచ్చు. అంటే ఆకాశానికి మాత్రమే రంగు, ఆకాశానికి మాత్రమే లోకల్ కాంట్రాస్ట్ ఇవ్వాలంటే మళ్ళీ గీయక్కర్లేదు. మాస్కు పుట్టిన మాడ్యూల్ వరుసలో ముందుండాలన్నదొక్కటే షరతు. ఎక్స్‌పోజర్ ముందే ఉంటుంది కాబట్టి ఇక్కడ చిక్కు లేదు.

నేల, నీళ్ళ సంగతి టోన్ ఈక్వలైజర్ చూసుకుంటుంది. వెలుగు స్థాయిలను −8 నుంచి 0 ఈవీ వరకు తొమ్మిది భాగాలు చేసి, దేన్ని ఎంత లేపాలో విడివిడిగా చెప్పనిస్తుంది. ముందు మాస్కింగ్ ట్యాబ్‌కు వెళ్ళి రెండు మంత్రదండం గుర్తులూ నొక్కి, హిస్టోగ్రామ్ తొమ్మిది భాగాల మీదా పరుచుకునేలా చేయండి. ఈ అడుగు దాటేసినవాళ్ళకే స్లైడర్ ఎంత లాగినా ఏమీ కదలదు. తర్వాత మౌస్‌ను ఒడ్డు మీద పెట్టి చక్రం తిప్పండి, ఆ స్థాయి వెలుగంతా లేస్తుంది. ఒక స్టాపు దాటితే అనుమానించండి. ఎడ్జెస్ రిఫైన్‌మెంట్/ఫెదరింగ్ తక్కువగా ఉంటే ఒడ్డు మీది మనిషి చుట్టూ వెలుగు వలయం కనపడుతుంది.

నీటి విషయంలో ప్రకృతి పెట్టిన హద్దు ఒకటుంది. ప్రతిబింబం ఎప్పుడూ ఆకాశం కన్నా చీకటే. కెమెరాకు దగ్గరయ్యే కొద్దీ, నీటిని పైనుంచి చూస్తున్నాం కాబట్టి, ఇంకా చీకటిపడుతుంది. ఆకాశాన్ని తగ్గించి, నీటిని లేపి, నీరే ఆకాశం కన్నా మెరిసేలా చేసిన ఫోటోలు ఇప్పుడు విపరీతంగా కనిపిస్తున్నాయి. కారణం చెప్పలేకపోయినా చూసేవాళ్ళకు అవి అబద్ధమని తెలుస్తుంది. నీరు కనీసం అర స్టాపు కిందే ఉండాలి.

బింబం చుట్టూ రంగు

సూర్యాస్తమయం దిద్దిన ఫోటో బాగోలేదంటే తొమ్మిదొంతులు తప్పు బింబం చుట్టూ ఉన్న రెండంగుళాల్లోనే ఉంటుంది. నారింజ ఎక్కడ పసుపవుతుంది, పసుపు ఎక్కడ తెల్లబడుతుంది అన్నది మెత్తగా సాగాలి. చాలా యాప్‌లలో అక్కడ నారింజ మచ్చ, దాని మధ్య ఒక గీత, లోపల తెల్ల గుండ్రం వస్తాయి. ఎరుపు చానల్ ముందుగా నిండిపోయి ఆగిపోవడం దానికి కారణం.

డార్క్‌టేబుల్‌లో ఈ పని సిగ్మాయిడ్‌ది. కాంట్రాస్ట్ 1.5 దగ్గర మొదలవుతుంది, సిల్హౌట్ ఫోటోకు 1.6 నుంచి 1.8 బాగుంటుంది. అసలు కీలకం ప్రిజర్వ్ హ్యూ అనే స్లైడర్. 100 శాతం దగ్గర అసలు వర్ణాన్ని పట్టుకుని వెలుగు పెంచుతుంది. ఫలితంగా బింబం దగ్గర నారింజ పసుపు కాకుండా గులాబీ వైపు, సాల్మన్ వైపు తేలిపోతుంది. లెక్క ప్రకారం సరైనదే, మన కంటికి మాత్రం కొత్తగా ఉంటుంది. దాన్ని 40–60 శాతానికి దించితే నారింజ పసుపుగా, బంగారంగా జారుతుంది. ఫిల్ములోనూ, కెమెరా జేపెగ్‌లోనూ మనం చూస్తూ వచ్చిన తీరు అదే. పొడి గాలిలో స్పష్టంగా దిగే బింబానికి ఈ దించడం అందం. పొగమంచులో ఎర్రబారిన బింబానికి 80 పైనే ఉంచాలి, లేకపోతే ఆ కుంకుమ ఎరుపు అరటిపండు పసుపైపోతుంది. ఇంత ముఖ్యమైన నిర్ణయం ఒక్క స్లైడర్‌లో చేతికివ్వడం ఈ సాఫ్ట్‌వేర్‌లో మాకు అన్నిటికన్నా నచ్చిన గుణం.

ఆ తర్వాతే కలర్ బ్యాలెన్స్ ఆర్‌జీబీ. వైబ్రెన్స్ 10–15 శాతం పెంచితే నీలం, ఊదా పైకి వస్తాయి, ఇప్పటికే మండుతున్న నారింజ అంతగా కదలదు. సూర్యాస్తమయానికి కావాల్సింది అదే. మొత్తం శాచురేషన్‌ను పది దాటించకండి. పర్సెప్చువల్ శాచురేషన్‌లో హైలైట్స్‌ను ఐదారు తగ్గిస్తే బింబం పక్కన మచ్చ కరిగి మళ్ళీ మెత్తని మార్పు వస్తుంది. నీడల్లో కొద్దిగా నీలం కలపాలన్న ఆశ అందరికీ ఉంటుంది. సిల్హౌట్ నల్లగానే ఉండాలి, నీలం సిరాలా కాదు. పని అయ్యాక గామట్ చెక్ ఒకసారి ఆన్ చేసి చూడండి. మామూలు తెరల రంగుల పరిధి అయిన ఎస్‌ఆర్‌జీబీలో ఇమడని ఎరుపులు ఎక్కడున్నాయో చూపిస్తుంది. ఫోన్ తెర మీద ముద్దగా మారబోయేవి అవే.

డీహేజ్ గురించి ఒక్క మాట. హేజ్ రిమూవల్ మాడ్యూల్‌ను సూర్యాస్తమయం మీద వాడొద్దు. ఆ వేళ గాలిలోని పొగమంచే రంగును పరిచేది. దాన్ని తీస్తే కొండల వరుసల మధ్య దూరం పోయి, ఆకాశంలో నాయిజ్ (గరుకు చుక్కలు) పైకి తేలుతుంది.

చివర్లో బయటపడే లోపాలు

ఎఫ్/16 దగ్గర తీసిన ఫోటోలో సెన్సార్ మీది దుమ్ము మచ్చలు ఖాళీ ఆకాశంలో బూడిద చుక్కలుగా కనిపిస్తాయి. రీటచ్ మాడ్యూల్‌లో హీల్ వాటిని శుభ్రంగా తీస్తుంది. ఫ్లేర్ చుక్కలకూ అదే. తాటి మట్టల అంచుల్లో ఊదా గీతకు క్రోమాటిక్ ఆబరేషన్స్ మాడ్యూల్ ఉంది, లేత ఆకాశం ముందున్న సన్నని కొమ్మల మీద దాని అవసరం తప్పకుండా పడుతుంది. ఒరిగిన క్షితిజానికి రొటేట్ అండ్ పర్‌స్పెక్టివ్ తెరిచి, కుడి బటన్ నొక్కిపట్టి నీటి అంచు వెంట గీత గీస్తే చాలు. ఒడ్డు వంకర తిరిగి ఉంటే దాన్ని నమ్మకండి, వంతెన స్తంభం నిలువును పట్టుకోండి. ముదురు బూడిద ఇంటర్‌ఫేస్ మధ్యన ఫోటో ఉన్నదానికన్నా వెలుగుగా కనిపిస్తుంది, అందుకే చాలామంది సూర్యాస్తమయాలు ప్రింటులో చీకటిగా వస్తాయి. కలర్ అసెస్‌మెంట్ మోడ్ పెడితే ఫోటో చుట్టూ తెల్ల అంచు, బూడిద నేపథ్యం వస్తాయి. వెలుగు తుది నిర్ణయం అందులోనే తీసుకోవాలి.

మృదువైన ఆకాశం 8 బిట్ జేపెగ్‌లోకి వెళ్ళగానే పట్టీలు పట్టీలుగా విరగడం మరో బెడద. డిథర్ ఆర్ పోస్టరైజ్ మాడ్యూల్ ఆన్ చేస్తే కంటికి తెలియని సన్నని నాయిజ్ కలిపి ఆ పట్టీలను చెరిపేస్తుంది. డబ్బు పెట్టి కొన్న సాఫ్ట్‌వేర్లలో కూడా దీన్ని ఇంత సూటిగా చేతికివ్వరు.

నచ్చనివి

నేర్చుకోవడం నిజంగా కష్టం. ఒకే పనికి నాలుగైదు మాడ్యూళ్ళు ఉంటాయి, ఏది పాతది ఏది కొత్తది అన్నది పేరు చూసి తెలియదు. యూట్యూబ్‌లో దొరికే పాఠాల్లో చాలావరకు బేస్ కర్వ్, షాడోస్ అండ్ హైలైట్స్ వాడే పాత పద్ధతివి. వాటిని సిగ్మాయిడ్‌తో కలిపితే అంచుల చుట్టూ వలయాలు, రంగు తేలిపోవడం తప్పవు. మాన్యువల్ చాలా బాగుంటుంది గాని తెలుగులో లేదు. పైన చెప్పిన తొమ్మిది, పది మాడ్యూళ్ళను క్విక్ యాక్సెస్‌లో పెట్టుకుని మిగతావాటిని కంటికి కనపడకుండా చేయడం మొదటి నెలకు మంచిది.

ఆకాశాన్ని ఒక్క నొక్కుతో పట్టే సౌకర్యం 5.0లో లేదు. చందా కట్టి వాడే లైట్‌రూమ్‌లో ఉంది, వేగంలో డార్క్‌టేబుల్ దానికి ఏ రకంగానూ పోటీ కాదు. పెళ్ళి ఆల్బమ్‌లో నాలుగు సూర్యాస్తమయాలు కలిపి రేపటికి ఇవ్వాల్సినవాళ్ళు నెలనెలా చందా కట్టడంలో తప్పు లేదు. మాస్కు నాణ్యత విషయం వేరు. సన్నని మట్టల సందుల్లో ఒక్క నొక్కు మాస్కులు తరచూ తడబడతాయి, వెలుగును బట్టి తీసిన మాస్కు అక్కడే గెలుస్తుంది. ఫోన్‌లో దిద్దే స్నాప్‌సీడ్ యాప్‌తో పోల్చడం రెండింటికీ న్యాయం కాదు. ఘాట్ మీంచే పంపే ఫోటోకు అది చాలు.

బ్రాకెట్ చేసిన (ఒకే దృశ్యాన్ని వేర్వేరు ఎక్స్‌పోజర్లతో తీసిన) ఫ్రేములను, ఫోటోలన్నీ వరుసగా కనిపించే లైట్‌టేబుల్‌లో హెచ్‌డీఆర్‌గా, అంటే వెలుగు పరిధి ఎక్కువున్న ఒకే ఫోటోగా, కలపవచ్చు, ఫలితం డీఎన్‌జీ అనే రా ఫైలుగా వస్తుంది. కాని ఫ్రేములను ఒకదానితో ఒకటి సర్దదు. ట్రైపాడ్ లేకుండా తీసినవి రెండు పొరలుగా కనపడతాయి, మధ్యలో పడవ కదిలితే దయ్యంలా మూడు పడవలొస్తాయి. గత పదేళ్ళ కెమెరాల్లో ఒక్క రా ఫైలే సరిగ్గా ఎక్స్‌పోజ్ చేస్తే నదీ తీరపు సూర్యాస్తమయాలకు చాలు. బ్రాకెటింగ్‌ను భద్రత కోసం తీసి ఉంచండి, కలపడానికి హుగిన్ లాంటి వేరే ప్రోగ్రామ్ వాడండి. పనోరమాకూ అంతే, డార్క్‌టేబుల్‌లో ఆ సదుపాయం లేదు.

బయటికి పంపడం

ఎక్స్‌పోర్ట్‌లో ఎస్‌ఆర్‌జీబీ ప్రొఫైల్, జేపెగ్ నాణ్యత 95. వాట్సాప్‌లో పంపే ఫోటోను పొడవు వైపు 2048 పిక్సెళ్ళకు మీరే తగ్గించి పంపండి, యాప్‌కు వదిలేస్తే ఆకాశం మళ్ళీ పట్టీలవుతుంది. పన్నెండు బై పద్దెనిమిది అంగుళాల ప్రింటుకు 3600 × 5400 పిక్సెళ్ళు ఉంటే 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్ళు) దక్కుతుంది, 24 మెగాపిక్సెల్ ఫైలును కాస్త కత్తిరించినా సరిపోతుంది. లస్టర్ పేపర్ మీద సిల్హౌట్ నలుపు మ్యాట్ కన్నా గాఢంగా నిలుస్తుంది. ఫైలు ఇచ్చేటప్పుడు ల్యాబ్‌లో ఆటో కరెక్షన్ ఆపమని కవరు మీద రాయించండి. లేకపోతే యంత్రం ఆ నారింజను రంగు దోషమనుకుని తీసేసి, నల్లటి వంతెనను వెలుగు చాలని ఫోటో అనుకుని బూడిదగా లేపి ఇస్తుంది.